గుడ్డ నుంచి గోడకి, గోడ నుంచి బొమ్మకి

డిజైన్ మీద ప్రశ్నలు పంపమంటే ఈసారి ఎక్కువమంది అడిగింది ఒకటే, మీకు ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయి అని. బట్టల గురించి కొందరు, ఇంటి గురించి కొందరు, పెయింటింగుల గురించి ఇంకొందరు విడివిడిగానే రాశారు కానీ జవాబులు రాస్తుంటే అవి ఒకదాంట్లోకి ఒకటి వెళ్లిపోయాయి. అందుకే వేరు చేయకుండా అన్నీ కలిపే ఇస్తున్నాను.

ప్రశ్న: మీరు ఫ్యాషన్ గురించీ రాస్తారు, ఇంటీరియర్స్ గురించీ రాస్తారు, ఆర్ట్ గురించీ రాస్తారు. ఒక్క పేరు మాత్రమే చెప్పాలంటే మీ ఇన్‌స్పిరేషన్ ఎవరు?

జవాబు: ఒక్కటే అంటే చిత్రకారిణి సోనియా డెలొనే. 1911లో ఆవిడకి కొడుకు పుట్టాడు. ఆ పసివాడికి కప్పడానికి చిన్న చిన్న గుడ్డముక్కలు అతికి ఒక బొంత కుట్టింది. అలాంటి బొంతలు ఆవిడ చిన్నతనంలో రష్యా పల్లె ఇళ్లలో చూసినవే. కుట్టడం పూర్తయ్యాక చూస్తే, అప్పటికి పారిస్ చిత్రకారులు కాన్వాసు మీద వస్తువుల్ని ముక్కలు చేసి చూపించడానికి పడుతున్న పాట్లన్నీ ఆ బొంతలో ఎప్పుడో అయిపోయినట్టు కనిపించాయి. అక్కడి నుంచి ఆవిడా, భర్త రాబర్ట్ డెలొనే కూడా అదే పద్ధతిని బొమ్మల్లోకీ, ఇంట్లో వస్తువుల్లోకీ తీసుకెళ్లారు. 1913లో ఆవిడ అదే తీరులో రంగు ముక్కలతో తనకోసం ఒక డ్రెస్ కుట్టుకుని పారిస్‌లోని ఒక డాన్స్ హాలుకి వేసుకెళ్లేది. తర్వాత బట్టల ప్రింట్లు, పుస్తకాల అట్టలు, నాటకాల దుస్తులు, ఆఖరికి కారు మీద రంగులు కూడా వేసింది. ఆ బొంత ఇప్పుడు పారిస్‌లో పాంపిడూ సెంటర్ సేకరణలో ఉంది, అంటే పసిపిల్లాడి దుప్పటి మ్యూజియం గోడ ఎక్కింది.

ఆవిడ నాకు ఎందుకు ఇంత ఇష్టమంటే, ఇది కళ, ఇది కుట్టుపని, ఇది ఇంటిపని అని ఎక్కడా గీత గీసుకోలేదు. నేను నమ్మేది కూడా ఇదే, ఈ పేజీలో కింద రాయబోయే జవాబులన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ముందే చెప్పేస్తాను. మీరు గది చేయాలంటే గదుల ఫొటోలు చూడకండి, బట్ట చూడండి. డ్రెస్ చేయాలంటే పెయింటింగ్ చూడండి. బొమ్మ వేయాలంటే దుప్పటి చూడండి. ఒక గదిని చూసి ఇంకో గది చేస్తే అది కాపీగానే మిగులుతుంది, ఎందుకంటే ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చే వీలు అందులో ఉంది. ఒక పెయింటింగ్‌ని చూసి గది చేయాలంటే అలా ఎత్తుకురావడం కుదరదు, ఏది తీసుకోవాలో ఏది వదలాలో మీరే కూర్చుని తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడంలోనే మీ చెయ్యి పడుతుంది.

ప్రశ్న: నా ఫోన్‌లో ఇంటీరియర్ ఫొటోలు లెక్కలేనన్ని సేవ్ చేసి పెట్టుకున్నాను. తీరా ఇల్లు మొదలుపెట్టేసరికి అవి చూస్తుంటేనే టెన్షన్ వస్తోంది, ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, మీ కంటికి ఏ లోపమూ లేదండి. మీరు సేవ్ చేసినవన్నీ మీకు నిజంగా నచ్చినవే, కాకపోతే ప్రతి ఫొటోలో నచ్చింది వేరు. ఒకదాంట్లో సోఫా కాదు, ఆ సోఫా మీద పడుతున్న సాయంత్రపు వెలుతురు నచ్చి ఉంటుంది. ఇంకోదాంట్లో గోడ రంగు కాదు, కింద నేల ఖాళీగా ఉండటం నచ్చి ఉంటుంది. సేవ్ బటన్‌కి ఈ తేడా తెలియదు, అన్నింటినీ ఒకే కుప్పలో పడేస్తుంది. అందుకని ఫొటో ఒక్కోటీ తెరిచి, నచ్చింది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. 'బాగుంది', 'క్లాసీగా ఉంది' లాంటి మాటలు రాయకూడదని ఒక నియమం పెట్టుకోండి. 'కిటికీ కింద కూర్చునే చోటు ఉంది', 'తలుపు చట్రం గోడ కంటే ముదురు రంగు' ఇలా వేలు పెట్టి చూపించగలిగే మాటలే రాయండి. రాయలేకపోతే ఆ ఫొటో తీసేయండి. రాసిన వాక్యాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకటే సంగతి మళ్లీ మళ్లీ వస్తూ ఉండటం మీకే కనిపిస్తుంది, అదీ మీ ఇల్లు.

ఆ తర్వాత గదుల ఫొటోలు పక్కన పెట్టి, ఆ వాక్యాలకి సరిపోయేవి వేరే చోట వెతకండి. క్రిస్టోబల్ బాలెన్సియాగా దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ. ఆయన 1937లో పారిస్‌లో బట్టల సంస్థ పెట్టిన స్పెయిన్ దేశస్థుడు, తల్లి కుట్టుపని చేసేది. ఆయన గౌన్లు చూస్తే వాటి వెనక పదిహేడో శతాబ్దపు స్పెయిన్ చిత్రకారుడు సుర్బరాన్ కనిపిస్తాడు. సుర్బరాన్ తండ్రి బట్టల వ్యాపారి, అందుకేనేమో ఆ చిత్రాల్లో సన్యాసుల తెల్లటి అంగీల మడతలు అంత బరువుగా, ముట్టుకోవచ్చు అన్నట్టు ఉంటాయి. 2019లో మాడ్రిడ్‌లోని తిస్సెన్ మ్యూజియంలో ఈ చిత్రాల పక్కనే బాలెన్సియాగా దుస్తులు పెట్టి ప్రదర్శించారు. ఇక్కడ గమనించాల్సింది, ఆయన ఆ సన్యాసుల అంగీని కాపీ కొట్టలేదు. ఆ మడత అంత గట్టిగా నిలబడాలంటే బట్ట ఎలా ఉండాలి అని ఆలోచించాడు. 1958లో స్విట్జర్లాండ్ బట్టల సంస్థ అబ్రహామ్‌తో కలిసి గజార్ అనే బిరుసైన పట్టు బట్ట తయారు చేయించుకున్నది ఆ ఆకారం నిలబడటం కోసమే. 1967లో అదే బట్టతో చేసిన పెళ్లి గౌనులో అతుకులూ అలంకారాలూ దాదాపు లేవు, తల మీద ముసుగు కూడా బట్ట బిరుసుతోనే నిలబడుతుంది. బొమ్మలో చూసిన ఒక గుణాన్ని పట్టుకుని బట్ట నేత దాకా వెళ్లిపోయాడు ఆయన. మీ ఇంటికి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది, నచ్చిన గుణం ఏమిటో తేలాక దానికి తగిన వస్తువు వెతుక్కోవడమే.

ప్రశ్న: ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను. మా క్లాసులో రోజూ ఇదే గొడవ, ఇన్‌స్పిరేషన్ ఎక్కడ ఆగుతుంది, కాపీ ఎక్కడ మొదలవుతుంది? ఈవ్ సాన్ లోరాన్ చేసిన మోండ్రియన్ డ్రెస్ కాపీ కాదా మరి?

జవాబు: చాలా మంచి ఉదాహరణ పట్టుకున్నారు. 1965 శరదృతువు కలెక్షన్‌లో పారిస్ డిజైనర్ సాన్ లోరాన్ ఆ డ్రెస్సులు చూపించాడు. తెలుపు, ఎరుపు, నీలం, పసుపు గళ్లు, మధ్యలో నల్లటి పట్టీలు, దూరం నుంచి చూస్తే చిత్రకారుడు మోండ్రియన్ కాన్వాసే నడిచొస్తున్నట్టు ఉంటుంది. ప్రింట్ వేసి ఉంటాడని చాలామంది అనుకుంటారు. కాదు, దగ్గరికి వెళ్లి చూడండి, ప్రతి గడీ విడిగా రంగు వేసిన ఉన్ని జెర్సీ ముక్క, ఒక్కోటీ కోసి నల్ల పట్టీలతో కలిపి కుట్టారు. మనిషి ఒంటికి వంపులు ఉంటాయి కదా, ఆ వంపులకి తగ్గట్టు బట్టని లోపలికి తీసే కుట్లన్నీ ఆ నల్ల గీతల అతుకుల్లోనే దాచేశాడు. బయటికి గీతలన్నీ తిన్నగా ఉంటాయి, లోపల డ్రెస్ మాత్రం శరీరానికి సరిగ్గా కూర్చుంటుంది. మోండ్రియన్‌కి ఈ సమస్యే లేదు, ఆయన కాన్వాసు చదునుగా ఉండేది. చదునైన బొమ్మని గుండ్రటి ఒంటి మీదికి తేవడం అనే పని సాన్ లోరాన్‌ది, ఆ పని ఆయన పూర్తిగా చేశాడు, పేరు కూడా దాచలేదు. అందుకే నేను దాన్ని కాపీ అనను. అదే గళ్లని టీషర్టు మీద ప్రింట్ కొట్టి అమ్మితే, అందులో చేసిన పని ఏమీ లేదు.

కాబట్టి మీ క్లాసులో వాదన వచ్చినప్పుడు ఈ ప్రశ్న వేసి చూడండి: మూలంలో లేని ఏ సమస్యని నువ్వు పరిష్కరించావు? జవాబు ఉంటే అది నీ పని. లేకపోతే ఎన్ని మాటలు చెప్పినా అది ఎత్తుకొచ్చినదే.

పేరు చెప్పడం కూడా ముఖ్యం, దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. డిజైనర్ మరియానో ఫార్చునీ డెల్ఫోస్ గౌను గురించి మీరు చదివే ఉంటారు, 1907 ప్రాంతంలో మొదలైంది, సన్నటి మడతల పట్టు, అంచుల్లో గాజు పూసలు, మెలితిప్పి చిన్న గుండ్రటి పెట్టెలో పెట్టేస్తారు. ఆ గౌను పేటెంట్ ఆయన పేరు మీద ఉంది. కానీ దీన్ని కనిపెట్టింది ఆన్రియెత్ అని ఆయనే స్వయంగా రాసి పెట్టాడు, ఆవిడే తర్వాత ఆయన భార్య అయింది. ఆ ఒక్క ముక్క రాయకపోతే ఈ రోజు ఆవిడ పేరు మనకి తెలిసేదే కాదు. అలా పేరు దక్కని నేతగాళ్లు, కుట్టుపనివాళ్లు, అద్దకం పనివాళ్లు ప్రపంచం నిండా ఉన్నారు, ఒక సముదాయం తరతరాలుగా వేస్తున్న డిజైన్‌ని ఎత్తి పెద్ద లేబుల్ తగిలించుకుని దానికి స్ఫూర్తి అని పేరు పెట్టడం నాకు సుతరామూ నచ్చదు. పారిస్ డిజైనర్ మదలెన్ వియొనే తన డ్రెస్సులు కాపీ కాకుండా ప్రతిదాన్నీ అద్దాల ముందు పెట్టి ముందూ వెనకా పక్కలా కనిపించేలా ఫొటో తీయించి, లేబుల్ మీద తన వేలిముద్ర వేసేది. చదువుకునే రోజుల నుంచే మీరు కూడా ప్రతి స్కెచ్ కింద ఎక్కడి నుంచి తీసుకున్నారో ఒక్క ముక్క రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఆ వియొనే గురించే అడుగుదామనుకున్నా. బయాస్ కట్ అని అందరూ అంటారు, నాకు కుట్టు రాదు, అందులో అంత గొప్ప ఏముందో అర్థమయ్యేలా చెప్పగలరా?

జవాబు: ఒక చేతిరుమాలు తీసుకోండి. ఎదురెదురు అంచులు పట్టుకుని తిన్నగా లాగండి, సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని ఏటవాలుగా లాగండి. సాగుతుంది, మధ్యలో సన్నబడుతుంది, వదిలితే మళ్లీ వెనక్కి వస్తుంది. పడుగు దారం, పేక దారం తిన్నగా లాగితే బిగుసుకుంటాయి, ఏటవాలుగా లాగితే ఒకదాని మీద ఒకటి జరుగుతాయి, అంతే సంగతి. మన టైలర్లు క్రాస్ కట్ అనేది దీన్నే. వియొనే కంటే ముందు దీన్ని కాలర్లకీ అంచులకీ వాడేవాళ్లు, ఆవిడ డ్రెస్ మొత్తాన్ని ఇలా కోసింది. అప్పటిదాకా ఆడవాళ్ల ఒంటికి ఆకారం ఇచ్చింది కోర్సెట్, అంటే నడుము బిగించే లోదుస్తు. ఈ పద్ధతిలో బట్టే ఒంటి మీద జారుతూ ఆకారం పట్టుకుంటుంది. ఆవిడ ముందు కాగితం మీద గీసేది కాదు, ఒక చిన్న చెక్క బొమ్మ పెట్టుకుని దాని మీద బట్ట చుట్టి చుట్టి చూసేది. మీకు కుట్టు రాకపోయినా పరవాలేదు, రుమాలుతో ఇది చేసి చూశాక కర్టెన్ ఎందుకు అలా వేలాడుతుందో, ఫలానా డ్రెస్ ఎందుకు నడుము దగ్గర పట్టేస్తుందో మీ చేతికి తెలుస్తుంది.

జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1993లో వచ్చిన ఆయన ప్లీట్స్ ప్లీజ్ బట్టలకి ముందు డ్రెస్‌ని రెండున్నర, మూడు రెట్లు పెద్దగా కుట్టేస్తారు, ఆ తర్వాత కాగితాల మధ్య పెట్టి వేడితో మడతలు వేస్తారు. అందరూ మడతలు వేసిన బట్టని కోసి కుడితే ఆయన కుట్టాక మడతలు వేయించాడు. వరస తిప్పాడు అంతే, దాంతో ఉతికినా నలిగినా మడతలు పోని బట్ట వచ్చింది. చేసే పని వరస మార్చి చూడటం అనేది నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే, గది సర్దేటప్పుడు కూడా ముందు ఫర్నిచర్ అనుకోకుండా ముందు వెలుతురు అనుకుని మొదలుపెడతాను.

ప్రశ్న: తెల్ల గోడలు, తక్కువ సామాను నాకు ప్రాణం. కానీ మా హాలు చూసినవాళ్లు ఆసుపత్రిలా ఉంది అంటున్నారు. నాకూ కూర్చోబుద్ధి కావడం లేదు. మినిమలిజం వదిలేయాలా?

జవాబు: వదలొద్దు. డెన్మార్క్ చిత్రకారుడు విల్హెల్మ్ హామర్‌షోయ్ బొమ్మలు ఒకసారి చూడండి. 1898 నుంచి 1909 దాకా కోపెన్‌హాగన్‌లో ఒక పాత ఫ్లాటులో ఉన్నాడు, ఆ ఫ్లాటు గదుల్నే మళ్లీ మళ్లీ వేశాడు. సామాను దాదాపు ఉండదు. ఒక తలుపు, ఒక కుర్చీ, వీపు తిప్పి నిలబడిన భార్య. రంగులు కూడా బూడిద, తెలుపు, కొంచెం గోధుమ, అంతే. అయినా ఆ గదిలో ఉండాలనిపిస్తుంది. ఎందుకో తెలుసుకోవడానికి ఒక బొమ్మని స్క్రీన్ మీద బాగా పెద్దది చేసి గోడ భాగమే చూడండి. ఒక్కటే బూడిద రంగు అనుకున్న చోట పసుపు కలిసినది, నీలం కలిసినది, వంగపండు రంగు కలిసినది పక్కపక్కనే ఉంటాయి, కిటికీకి దూరం జరిగేకొద్దీ మారిపోతూ ఉంటాయి. మీ హాల్లో ఆ మార్పు లేదని నా అనుమానం. నాలుగు గోడలూ సీలింగూ ఒకే చల్లటి తెలుపు, పైన ఒకే తెల్ల ట్యూబ్‌లైటు అయితే వెలుతురు ఎక్కడా తగ్గదు, పెరగదు, కంటికి ఆగే చోటే ఉండదు. ఒక గోడకి కొంచెం వెచ్చని తెలుపు వేయించి, పైలైటు ఆపి, తక్కువ ఎత్తులో రెండు మూడు పసుపు దీపాలు పెట్టి చూడండి.

రెండోది, చేతికి తగిలేది. మీ హాల్లో అన్నీ నున్నటివే అయి ఉంటాయి, టైల్స్, గాజు, లామినేట్. మాట్లాడితే ప్రతిధ్వని కూడా వస్తోందా? ఆసుపత్రి అన్న భావనలో సగం ఆ శబ్దానిదే. బౌహౌస్ అనే జర్మనీ డిజైన్ పాఠశాలలో నేత నేర్చుకున్న ఆనీ ఆల్బర్స్ తన డిప్లొమా పని కింద జర్మనీలోని బెర్నావ్‌లో కార్మిక సంఘాల పాఠశాల ఆడిటోరియం గోడలకి ఒక బట్ట నేసింది. ఒక వైపు సెలొఫేన్ వెలుతురుని వెనక్కి కొడుతుంది, ఇంకో వైపు షెనీల్ అనే బొచ్చు నూలు శబ్దాన్ని పీల్చుకుంటుంది. చూడటానికి సాదా బట్టే. అలంకారం ఒక్కటీ లేకుండా గది మొత్తం మారిపోయింది, 1930 నాటి మాట ఇది. మీకు కావాల్సింది కొత్త సామాను కాదు, ముతక నేత కర్టెన్, మందపాటి తివాచీ, మెరుగు పెట్టని చెక్క ముక్క ఒకటి. తెలుపు తెలుపుగానే ఉండనివ్వండి.

ఇంకో దారి కూడా ఉంది, మెక్సికో సిటీలో ఆర్కిటెక్ట్ లూయిస్ బర్రగాన్ 1948లో తన కోసం కట్టుకున్న ఇల్లు. లోపల అలంకారాలు తక్కువే, గోడలు పెద్దవి, ఖాళీవి. మెట్ల దగ్గర మాత్రం మథియాస్ గోరిట్జ్ చేసిన బంగారు రేకు పలక ఒకటి ఉంది. పై కిటికీలోంచి వచ్చే ఎండ దాని మీద పడి కిందికి దిగుతుంది, ఆ మూలంతా వెచ్చబడుతుంది. ఒక్క పలక, సరైన చోట. ఆ ఇంటిని 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మినిమలిజం అంటే ఇదీ అని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: రంగులు కలపాలంటే భయం. షాపులో నచ్చిన కర్టెన్ ఇంటికి తెస్తే వేరేలా ఉంటుంది. నాకు కలర్ సెన్స్ లేదేమో?

జవాబు: ఉంది. రంగే మారుతుంది, అది రంగు స్వభావం. ఆనీ భర్త జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో పోయేదాకా చతురస్రంలో చతురస్రం మళ్లీ మళ్లీ వేస్తూ వచ్చాడు, వందల సంఖ్యలో, కేవలం ఈ సంగతి చూపించడానికే. ట్యూబులోంచి తీసిన రంగుని ఏమీ కలపకుండా కత్తితో పూసి, ఏ కంపెనీ ఏ రంగు వాడాడో వెనక రాసి పెట్టేవాడు. అయినా ఒకే ట్యూబు రంగు ఒక బొమ్మలో వెలిగినట్టు, ఇంకో బొమ్మలో మాసినట్టు ఉంటుంది, పక్కన ఉన్న రంగుని బట్టి. మీరే చేసి చూడొచ్చు: ఒకే కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి ఒకటి ముదురు నీలం మీద, ఒకటి లేత పసుపు మీద పెట్టండి, ఒకే కాగితమని మీ కన్నే ఒప్పుకోదు. కాబట్టి కర్టెన్ గుడ్డ చిన్న ముక్క తెచ్చుకుని, మీ గోడకి ఆనించి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూశాకే కొనండి. షేడ్ కార్డు చూసి గోడ రంగు తేల్చేయకండి, ఆ గడి చుట్టూ ఉండే తెల్ల కాగితమే మోసం చేస్తుంది.

భయం పోవాలంటే ఫ్రాన్స్ చిత్రకారుడు మతీస్ వేసిన 'ఎర్ర గది' చూడండి, 1908ది, సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఉంది. బల్ల మీది గుడ్డ, వెనక గోడ రెండూ ఒకే ఎరుపు, ఒకే నీలం లతల డిజైను. గుడ్డ ఎక్కడ అయింది, గోడ ఎక్కడ మొదలైంది అంటే సన్నటి గీత తప్ప గుర్తు లేదు. ఆ డిజైను ఆయన దగ్గరున్న ఒక పాత నూలు గుడ్డ మీది నుంచి వచ్చింది. నేతగాళ్ల ఊళ్లో పెరిగినవాడు, జీవితమంతా గుడ్డలు పోగేశాడు. ఇంకో సంగతి, ఆ బొమ్మ మొదట నీలంగా ఉండేది. పూర్తయ్యాక మొత్తం ఎరుపు చేశాడు. అంతటివాడే గది రంగు మార్చుకున్నాడు, మీరు ఒక గోడ మళ్లీ వేయించుకుంటే వచ్చే నష్టం ఏమీ లేదు.

ప్రశ్న: మాది చిన్న ఫ్లాటు, పిల్లలు ముగ్గురు. పెద్ద ఇళ్ల ఫొటోలు చూసి నాకేం లాభం?

జవాబు: ట్రూస్ ష్రోడర్ అనే ఆవిడకి కూడా ముగ్గురు పిల్లలే. భర్త పోయాక నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో డిజైనర్ గెరిట్ రీట్‌వెల్డ్‌తో కలిసి 1924లో చిన్న ఇల్లు కట్టించుకుంది. పై అంతస్తులో పగలు గోడలే ఉండవు, అంతా ఒకే హాలు. రాత్రి పలకలు జరిపితే ఎవరి గది వాళ్లకి. ఒక మూల కిటికీ రెండు రెక్కలూ తెరిస్తే అక్కడ స్తంభం లేదు, ఇంటి మూలే మాయమవుతుంది. పిల్లల దగ్గర ఉండాలి, వాళ్లతో మాట్లాడాలి, అలాగే ఎవరి చోటు వాళ్లకి ఉండాలి, ఇది ఆవిడ అడిగిన ప్రశ్న. ఇల్లు దానికి జవాబు. ఆవిడ 1985లో పోయేదాకా అందులోనే ఉంది. మీరు కూడా ఏ సామాను కొనాలి అని కాకుండా ఇంట్లో ఏ గంటకి ఎవరు ఎక్కడ ఉంటున్నారు అన్నది రాసుకుని చూడండి. పగలంతా ఖాళీగా పడి ఉండే మంచం ఒకటి కచ్చితంగా బయటపడుతుంది.

ప్రశ్న: నాకు అరవై దాటాయి. ఈ మధ్యే రంగు కాగితాలు, గుడ్డముక్కలతో బొమ్మలు చేయడం మొదలుపెట్టాను. ఈ వయసులో ఇదేం సరదా అంటున్నారు ఇంట్లో.

జవాబు: మీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేనండి. ఇంగ్లండ్‌లో మేరీ డెలానీ అని ఒకావిడ ఉండేది. కుట్టుపనిలో మహా నేర్పరి, రాజదర్బారుకి వేసుకెళ్లే తన గౌను మీది పువ్వుల ఎంబ్రాయిడరీ తనే డిజైన్ చేసుకుంది. డెబ్భై దాటాక, రెండో భర్త కూడా పోయాక, ఒక పువ్వు రేకు రంగుకి సరిపోయే కాగితం ముక్క చూసి కత్తెర పట్టింది. నల్ల కాగితం మీద రంగు కాగితాలు అతికి అసలు మొక్కలాగే, కేసరాల దాకా లెక్క తప్పకుండా పువ్వులు చేసింది. ఒక్కో పువ్వులో వందల ముక్కలు కూడా ఉంటాయి. చూపు మందగించి ఆపేసేలోపు దాదాపు 1000 చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వృక్షశాస్త్రం చదివేవాళ్లు కూడా వాటిని చూస్తారు. మతీస్ కూడా 1941లో పెద్ద ఆపరేషన్ అయి ఎక్కువసేపు నిలబడలేని స్థితిలో ఉన్నప్పుడే కత్తెర పట్టాడు, సహాయకులు కాగితాలకి రంగు పూసిస్తే మంచం మీదే, చక్రాల కుర్చీలోనే కూర్చుని కత్తిరించాడు. మీరు చేసినవి దయచేసి ఎండ తగలని చోట పెట్టుకోండి, రంగు కాగితం త్వరగా వెలిసిపోతుంది. వెనక తేదీ కూడా రాయండి.

ప్రశ్న: మ్యూజియాలకి వెళ్లే వీలు లేదు. ఎలా చూడాలి?

జవాబు: న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి లక్షల ఫొటోలు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఇచ్చేసింది, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం అంతకంటే ముందే ఇచ్చింది. బట్టల విభాగం కూడా చూడండి, పెయింటింగులే కాదు. పది బొమ్మలు గబగబా చూసేకంటే ఒక్కదాన్ని తెరిచి, కాలర్ అంచు, కుర్చీ కాలు, గిన్నె నీడ ఇలా మూలలు పెద్దవి చేసి చూస్తే ఎక్కువ దొరుకుతుంది.

ప్రశ్న: కొత్తవి కొనడం ఆపేద్దామనుకుంటున్నాను. కానీ ఉన్న వస్తువులు చూసి చూసి బోర్ కొట్టేశాయి. కొనకుండా ఇల్లు కొత్తగా ఎలా?

జవాబు: ఇటలీలో బొలోనియా అనే ఊళ్లో జోర్జో మొరాండి అనే చిత్రకారుడు చెల్లెళ్లతో కలిసి ఒకే ఇంట్లో జీవితం గడిపాడు. పడుకునే గదే స్టూడియో. సీసాలు, డబ్బాలు, గిన్నెలు కొన్ని, వాటినే దశాబ్దాల తరబడి వేశాడు. కొన్ని సీసాల మెరుపు పోవడానికి రంగు పూసేసేవాడు, దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదు. ఒక బొమ్మలో మూడు సీసాలు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి, ఇంకో బొమ్మలో అవే సీసాల మధ్య చిన్న ఖాళీ, అంతే తేడా, రెండూ వేరే బొమ్మలు. ఏది ఎంత దగ్గర, ఏది దేని వెనక, బల్ల అంచు ఎంత కనపడాలి అన్నదే ఆయన పని మొత్తం.

బీరువాలో ఒక అర మొత్తం ఖాళీ చేయండి. అందులోని వస్తువులన్నీ నేల మీద పరిచి, ఎత్తు ప్రకారం కాకుండా రంగు ప్రకారం జతచేయండి. మూడే వస్తువులు వెనక్కి పెట్టి, మధ్యలో చోటు వదలండి. మిగతావి ఒక పెట్టెలో వేసి కనపడకుండా దాచి, కొన్ని వారాల తర్వాత మార్చండి. బట్టల బీరువాకీ ఇదే చేయొచ్చు, ఒకే చొక్కాని వేరే వేరే వాటితో వేసుకుని చూసి, ఏది దేనితో బాగుందో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటోలు నాకు పంపితే వచ్చే నెల ఈ పేజీలో వాటి గురించే మాట్లాడుకుందాం, గదివైనా సరే, బట్టలవైనా సరే, ముందూ తర్వాతా రెండూ పంపండి.